మీరు చేయరు, చేసేవాళ్లను చేయనివ్వరు

బ్లడ్‌బోర్న్ విషయంలో సోనీ యాజమాన్యానికి బహిరంగ లేఖ

హైదరాబాద్, మే 2025

సోనీ ఇంటరాక్టివ్ ఎంటర్‌టైన్‌మెంట్ అధ్యక్షులు హిడెయాకి నిషినో గారికి, స్టూడియోల అధిపతి హెర్మన్ హల్స్ట్ గారికి, వారి న్యాయవిభాగం పెద్దలకు



కిందటి డిసెంబరులో ప్లేస్టేషన్‌కు ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా మీరొక వీడియో విడుదల చేశారు. దాని చివర్లో మీ బ్లడ్‌బోర్న్ ఆట కనిపించింది, పట్టుదల గురించిన ఒక వాక్యంతో సహా. ఆ కొన్ని క్షణాల కోసం దేశదేశాల ఆటగాళ్లు ఆ వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ మళ్లీ చూసుకున్నారు. ఇన్నాళ్లకు ఆ పేరు మీకు గుర్తొచ్చిందని సంబరపడ్డారు. రెండు నెలలు తిరిగేసరికి మీకు ఆ పేరు నిజంగానే గుర్తొచ్చింది, కాపీరైట్ నోటీసుల్లో.

మొదటి నోటీసు ఆస్ట్రేలియాకు చెందిన లాన్స్ మెక్‌డొనాల్డ్‌కు వెళ్లింది. బ్లడ్‌బోర్న్ పుట్టినప్పటి నుంచి సెకనుకు 30 ఫ్రేముల దగ్గరే కట్టుబడి ఉంది. దాన్ని 60 ఫ్రేములకు తెచ్చే ప్యాచ్‌ను ఆయన ఒంటిచేత్తో తయారుచేసి నాలుగేళ్ల కిందట ఉచితంగా అందరి ముందూ పెట్టాడు. దాని లింకులు తీసేయమన్నారు, తీసేశాడు. ఆ వెనకే లిలిత్ వాల్తర్ అనే డెవలపర్ వంతు వచ్చింది. ఈ ఆట తొలి తరం ప్లేస్టేషన్ రోజుల్లో వచ్చి ఉంటే ఎలా ఉండేదో ఊహించి, ఆ కాలపు గరుకు బొమ్మలతో ఆమె 'బ్లడ్‌బోర్న్ పీఎస్ఎక్స్' చేసి, 2022 జనవరి 31న ఉచితంగా విడుదల చేసింది. అదీ తీయించేశారు. 2024లో ఇదే వాల్తర్ తన కార్ల పందెం ఆటలోంచి బ్లడ్‌బోర్న్ పేరు తీసేయమని మీరు కబురు పెడితే, కిమ్మనకుండా పేరూ బొమ్మలూ మార్చి 'నైట్‌మేర్ కార్ట్'గా విడుదల చేసింది. మాట వినే మనిషి అని మీకు ముందే తెలుసు. అయినా మళ్లీ ఆవిడ తలుపే తట్టారు.

చట్టం మీ వైపే ఉందని ఒప్పుకుంటాను. పేరు మీది, కథ మీది, బొమ్మలు మీవి. నోటీసు పంపే హక్కు మీకుందా అని ఎవరూ అడగడం లేదు. ఆ హక్కు వాడుకుని మీరు కాపాడుకున్నదేమిటన్నదే ప్రశ్న. మెక్‌డొనాల్డ్ ప్యాచ్ వేసుకోవాలంటే మనిషి దగ్గర అసలు ఆట ఉండాలి, పైగా పాత సాఫ్ట్‌వేర్ మీద నిలిచిపోయిన కన్సోల్ ఉండాలి. అంటే మీకు డబ్బు కట్టి కొన్నవాడే దాని జోలికి వెళ్తాడు. ఆ ప్యాచ్ వల్ల మీ అమ్మకం ఒక్కటైనా తగ్గిందా? పోటీగా మీరు అమ్ముతున్న 60 ఫ్రేముల బ్లడ్‌బోర్న్ ఏదైనా ఉందా? లేని సరుకుకు నకిలీ ఎక్కడినుంచి వస్తుంది?

ఈ మార్చి 24తో ఆటకు పదేళ్లు నిండాయి. విడుదలైన ఏడాది సెప్టెంబరుకే 20 లక్షల కాపీలు అమ్ముడుపోయాయని మీరే చెప్పుకున్నారు. 2018 మార్చిలో ప్లేస్టేషన్ ప్లస్ చందాదారులకు ఉచితంగా ఇచ్చారు. 2020 నవంబరులో పీఎస్5తో పాటు వచ్చిన ప్లస్ కలెక్షన్‌లో ముందువరసలో పెట్టారు. చందాలు కట్టించుకోవడానికి ఎప్పుడు పిలిచినా పలికిన ఆట ఇది. దాన్ని ఆడినవాళ్లు దాని గురించి ఏమనుకుంటున్నారో మీరెప్పుడైనా కూర్చుని విన్నారా? అమ్మకాల పట్టికలు మీ దగ్గర ఉంటాయి. ఆటగాళ్ల అభిప్రాయం పట్టికలో రాదు కాబట్టి, ఆ పని ఈ లేఖలో నేను కొంత చేస్తాను.

ముందుగా, వాళ్లు ఒకే మాట మీద లేరు. బ్లడ్‌బోర్న్ అభిమానులంటే కళ్లు మూసుకుని భజన చేసేవాళ్లని మీ ప్రచార విభాగం అనుకుంటూ ఉంటే అది పొరపాటు. వాళ్లంత తగాదాకోర్లు ఇంకెక్కడా కనబడరు.

అందరూ ఒప్పుకునేది ఒక్క విషయం: ఈ ఆట భయపడేవాణ్ని ముందుకు తోస్తుంది. దీన్ని తయారుచేసినవాళ్ల పాత ఆట డార్క్ సోల్స్‌లో డాలు అడ్డం పెట్టుకుని మెల్లగా అడుగులేసే అలవాటుతో వచ్చినవాడికి యార్నమ్ నగరం మొదటి వీధిలోనే బుద్ధి చెబుతుంది. ఇక్కడ డాలనేదే దాదాపు లేదు. ఒక చెక్క డాలు దొరుకుతుంది గానీ దాని వివరణ చదివితే అది మనల్ని ఎగతాళి చేయడానికే పెట్టారని అర్థమవుతుంది. దెబ్బ తిన్నాక కొద్దిసేపట్లోనే తిరిగి కొడితే పోయిన ప్రాణం కొంత వెనక్కి వస్తుంది. ఆటగాళ్లు దాన్ని ర్యాలీ అంటారు. వెనక్కి తగ్గితే పోయింది పోయినట్టే, మీదకురికితే మిగులుతుంది. ఎడమచేతిలో తుపాకీ ఉంటుంది, దాని అసలు పని చంపడం కాదు. శత్రువు చెయ్యెత్తి దెబ్బ దించబోయే ఆ లిప్తలో పేల్చితే వాడు మోకాళ్ల మీద కూలబడతాడు, అప్పుడు ఒక్క పోటు. ఆ లిప్త పట్టుకోవడం వచ్చిన రోజున ఆటగాడికి కలిగే ఆనందం గురించి వాళ్లు పదేళ్లుగా మాట్లాడుకుంటున్నారు, ఇంకా అలసిపోలేదు.

తరవాత ఫాదర్ గ్యాస్కోయిన్. శ్మశానంలో, సమాధిరాళ్ల మధ్య, గొడ్డలి పట్టుకుని ఎదురయ్యే వేటగాడు. ఆటను మధ్యలో వదిలేసినవాళ్లలో చాలామంది అతని దగ్గరే వదిలేశారు. దాటినవాళ్లు మాత్రం ఈ ఆట ఏమిటో అతని దగ్గరే నేర్చుకున్నామంటారు. ఎందుకంటే అతను మనలాంటివాడు. మనకున్న ఆయుధాలే అతనికున్నాయి, మనం ఎలా తప్పుకుంటామో అతనూ అలాగే తప్పుకుంటాడు, చివరకు మృగమైపోతాడు. అతని చిన్న కూతురు ఒక కిటికీ వెనక నుంచి మనకు సంగీతం పెట్టె ఇస్తుంది, అమ్మను వెతికిపెట్టమంటుంది. ఆ పెట్టె మోగిస్తే గ్యాస్కోయిన్ తల పట్టుకుని కాసేపు ఆగిపోతాడు. తన కూతురి పాటనే ఆయుధంగా వాడి ఒక తండ్రిని చంపాం అన్న సంగతి గెలిచిన సంబరంలో వెంటనే తట్టదు. తిరిగి ఆ కిటికీ దగ్గరికి వెళ్లినప్పుడు తడుతుంది. ఆ పిల్లను క్షేమంగా ఉంటుందనుకుని ఎక్కడికి పంపినా జరిగేది ఒకటే. మురుగుకాలవలో పంది కడుపులోంచి ఆమె రిబ్బను దొరికిన ఆటగాడు కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు కదలకుండా కూర్చుంటాడు. కథను సంభాషణల్లో వివరించకుండా ఒక రిబ్బనుతో చెప్పిన ఈ తీరును మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు, ఇంత క్రూరత్వం అవసరమా అని కోపగించుకునేవాళ్లూ ఉన్నారు. నేను మెచ్చుకునే పక్షం.

గోతిక్ అనగానే గుర్తొచ్చేవన్నీ యార్నమ్‌లో ఉన్నాయి: ఆకాశంలోకి పొడుచుకుపోయే చర్చి శిఖరాలు, గొలుసులు కట్టిన శవపేటికలు, గ్యాస్ దీపాల పొగ, తోడేలుగా మారిన మతగురువులు. సగం ఆట దాకా ఇది బ్రామ్ స్టోకర్ లోకమేననుకుంటాం. ఆ తరవాత కాళ్ల కింద నేల జరిగిపోతుంది. రోమ్ అనే సాలీడు చచ్చాక చంద్రుడు ఎర్రబారి, ఇన్నాళ్లూ మనం దాని పక్కనుంచే నడిచిన చర్చి గోడ మీద ఒక మహాకాయం వేలాడుతూ కనిపిస్తుంది. అది అప్పుడు వచ్చింది కాదు. మొదట్నుంచీ అక్కడే ఉంది, మన కంటికే ఆనలేదు. ఇన్‌సైట్ అనే కొలత 40కి చేరినవాళ్లకు అంతకు ముందే కనిపిస్తుంది. ఎక్కువ తెలుసుకున్నవాడికి ఎక్కువ కనబడుతుంది, ఎక్కువ కనబడినవాడు త్వరగా పిచ్చెక్కి చస్తాడు. లవ్‌క్రాఫ్ట్ కథల్లోని భయాన్ని ఒక అంకెగా మార్చి తెర మూలన పెట్టిన దర్శకుడు హిడెటాకా మియజాకికి, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌కు, వాళ్లతో కలిసి పనిచేసిన మీ జపాన్ స్టూడియోకు ఆటగాళ్లు చేసిన దండాలకు లెక్కలేదు.  

ఇక ఫిర్యాదులు. వాటిని దాచను, దాస్తే ఇది లేఖ కాదు ప్రకటన అవుతుంది. ప్రాణం నింపుకునే రక్తం సీసాలు మామూలుగా ఒకసారికి 20 మాత్రమే మోసుకెళ్లగలం. డార్క్ సోల్స్‌లో ఎస్టస్ సీసా నిప్పు దగ్గర కూర్చోగానే నిండుతుంది. ఇక్కడ సీసాలు వాడితే అయిపోతాయి. ఒక బాస్ దగ్గర పదేపదే చచ్చి నిల్వలన్నీ ఖాళీ అయ్యాక, పాత వీధుల్లోకి తిరిగెళ్లి, ఎప్పుడో చేతికొచ్చిన శత్రువుల్నే మళ్లీ మళ్లీ చంపి సీసాలు పోగేయాలి. ఓడిపోయినవాడికే పని ఎక్కువ పెట్టడం ఏం న్యాయమని వాళ్లు అడుగుతారు, నాకూ జవాబు దొరకలేదు. మజిలీలుగా పెట్టిన దీపాల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా వెళ్లలేం, ప్రతిసారీ హంటర్స్ డ్రీమ్ అనే విడిదికి వెళ్లి రావాలి, రెండుసార్లు లోడింగ్ చూడాలి. పెద్ద మృగం మీదకొస్తే కెమెరా దాని బొచ్చులో ఇరుక్కుంటుంది. చాలిస్ సమాధులనే నేలమాళిగలు కొందరికి అంతులేని వినోదం, కొందరికి ఒకే గదిని రంగు మార్చి చూపించే విసుగు. వాటిలో ఒకచోట మన ప్రాణాన్ని సగానికి కోసేసి, ఆపైన కాపలా కుక్కనీ అమిగ్డలా అనే మహాకాయాన్నీ ఎదుర్కోమంటారు. మికొలాష్ అనే బాస్ వెంట అద్దాల గదుల్లో పరుగెత్తడం బాగుందన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు.

వీటన్నిటి మీదా ఏళ్ల తరబడి వాదించుకుంటూనే, ఏటా ఒక సమయం చూసుకుని 'రిటర్న్ టు యార్నమ్' పేరుతో అందరూ కొత్త పాత్రతో మళ్లీ మొదటినుంచీ మొదలుపెడతారు, ఒకరికొకరు సాయం పిలుచుకోవడానికి మనుషులు దొరకాలని. పదేళ్ల పాత ఆటకు వీధులు ఖాళీ కాకుండా వాళ్లే చూసుకుంటున్నారు. ఆ పని మీరు చేయాల్సింది కాదా?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కష్టమైన ఆటలో ఆటగాడికీ, తయారుచేసినవాళ్లకూ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. ఎక్కడా రాసి ఉండదు. 'నేను చచ్చానంటే తప్పు నాది' అని ఆటగాడు నమ్మగలగాలి. నమ్మితేనే లేచి మళ్లీ వెళ్తాడు. ఆ నమ్మకం లేకపోతే అది కష్టం కాదు, అన్యాయం. సులభమైన స్థాయి పెట్టాలా వద్దా అని ఎప్పుడూ ఒక రగడ నడుస్తుంటుంది. 'చేతకాకపోతే వదిలేయ్' అని కొత్తవాళ్లను వెక్కిరించే ప్రబుద్ధులు ఆ రగడలో చేసే హడావుడి నాకు వెగటు. కానీ సులభం చేయమనేవాళ్లకూ, వద్దనేవాళ్లకూ ఇద్దరికీ ఉమ్మడిగా కావలసింది ఈ న్యాయమే. దాని దగ్గరే మీరు పదేళ్లుగా మాట తప్పుతున్నారు.

సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు తెరమీద నిలవాలి. అన్నీ సమానంగా నిలిస్తే కన్ను ఆ వేగానికి అలవాటుపడుతుంది. బ్లడ్‌బోర్న్‌లో అవి సమానంగా నిలవవు. ఒకటి 16 మిల్లీసెకన్లకే వెళ్లిపోతుంది, ఇంకొకటి 50 దాకా కదలదు. సగటు తీస్తే లెక్క సరిపోతుంది, చూసే కంటికి మాత్రం తెర తడబడుతున్నట్టుంటుంది. ఈ లోపం విడుదలైన వారంలోనే సాంకేతిక సమీక్షకులు కొలిచి చూపించారు. లోడింగ్ సమయాన్ని తగ్గిస్తూ ఒక ప్యాచ్ వచ్చింది, దీని జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పైన చెప్పిన ఆ లిప్త గుర్తుందా, దెబ్బ దించబోయే చేతిని తుపాకీతో ఆపాల్సిన లిప్త? ఆటంతా దాని మీద కట్టారు. ఆ లిప్తనే తెర ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా చూపిస్తుంటే చచ్చినవాడు తప్పు ఎవరిదనుకోవాలి? ఆట చివర్లో ఎదురయ్యే గెర్మన్ కొడవలి తనను నరికిందా, తడబడిన ఫ్రేము నరికిందా? 60 ఫ్రేములు కావాలనేవాళ్లను నిగనిగలు కోరుకునే సోకురాయుళ్లుగా మీరు జమకట్టి ఉండొచ్చు. వాళ్లడుగుతున్నది సోకు కాదు, సరైన తూకం.

2016లో పీఎస్4 ప్రో వచ్చింది. బ్లడ్‌బోర్న్‌కు ప్యాచ్ రాలేదు. 2020లో పీఎస్5 వచ్చింది. గాడ్ ఆఫ్ వార్, డేస్ గాన్, ఘోస్ట్ ఆఫ్ సుషిమా, ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం, ఈ పీఎస్4 ఆటలన్నీ కొత్త యంత్రం మీద 60 ఫ్రేములకు మారాయి. బ్లడ్‌బోర్న్ మారలేదు. అంత బలమైన యంత్రంలో పెట్టినా ఇంకా అదే 30, అదే తడబాటు. సాధ్యం కాదంటారా? ఒక్క మనిషి, సోర్స్ కోడ్ చేతిలో లేకుండా, బయటనుంచి విప్పి చూసి సాధ్యమని నిరూపించాడు. అతనికి మీరు పంపింది నోటీసు.

మిగతా ఆటల విషయంలో మీ ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. హొరైజన్ జీరో డాన్ 2017లో వచ్చింది, పీఎస్5లో 60 ఫ్రేములతో బాగానే నడుస్తోంది. దానికి 2024 అక్టోబరులో రీమాస్టర్. అన్‌టిల్ డాన్‌కు రీమేక్. ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగానికి రీమాస్టర్ అయ్యాక రీమేక్, రెండో భాగానికి నాలుగేళ్లు నిండకుండానే రీమాస్టర్. మీ నోటీసుల తడి ఆరకముందే ఈ ఫిబ్రవరిలో డేస్ గాన్ రీమాస్టర్ ప్రకటించారు, కిందటి నెల విడుదల కూడా చేశారు. ఆ ఆటల మీద నాకు పగ లేదు. కానీ బాగున్న గదులకే మళ్లీ మళ్లీ సున్నం కొడుతూ కురుస్తున్న గదికి తాళం వేసే ఇంటి యజమానిని ఏమంటారు?

ఎందుకిలా అని అడిగితే మీ సంస్థ నుంచి అధికారికంగా ఒక్క వాక్యం లేదు. ఉన్నవల్లా బయటివాళ్ల మాటలు. మీ దగ్గర మూడు దశాబ్దాలు పనిచేసి ఈ జనవరిలో బయటికొచ్చిన షుహెయ్ యోషిదా, ఇది తన సొంత ఊహ మాత్రమేనని ముందే చెప్పి, మియజాకికి ఈ ఆటంటే ప్రాణమనీ, ఆయనకు తీరిక లేదనీ, ఇంకెవరూ ముట్టుకోవడం ఆయనకు ఇష్టం ఉండకపోవచ్చనీ, ఆ ఇష్టాన్ని ప్లేస్టేషన్ బృందం గౌరవిస్తూ ఉండొచ్చనీ అన్నారు. మియజాకి ఏమో, పీసీలో వస్తే తనకు అభ్యంతరం లేదనీ, తాను కోరుకుంటున్నానంటే ఇబ్బందుల్లో పడతాననీ 2024లో నవ్వుతూ అన్నారు. హక్కులు తమవి కావు కాబట్టి ఆ విషయం మాట్లాడే స్థానంలో లేనని కూడా చెప్పారు. దర్శకుడు యజమాని వైపు చూపిస్తాడు, యజమాని దగ్గర పనిచేసినాయన దర్శకుడి వైపు చూపిస్తాడు. మీరు ఇద్దరి మధ్యా మౌనంగా కూర్చున్నారు. 2022లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో 14 శాతం వాటా కొన్నారు. ఈ జనవరిలో దాని మాతృసంస్థ కడొకావాలో అతిపెద్ద వాటాదారు అయ్యారు. ఇంత దగ్గరి చుట్టరికం కలుపుకున్నాక కూడా ఒక్క ఫోన్ చేసి 'మియజాకి గారూ, తమరి మాట ఏమిటి?' అని అడగడం కుదరదా?

యోషిదా పేరు రాగానే ఇంకొక పాత సంగతి మీకు గుర్తుచేయాలి. 2009లో డీమన్స్ సోల్స్ జపాన్‌లో విడుదలయ్యే ముందు ఆయన దాన్ని ఆడి చూశారు. దాదాపు రెండు గంటలు ఆడినా మొదలుపెట్టిన చోటే ఉన్నానని, ఆట బాగా లేదని తేల్చేశారు. మీరు దాన్ని పశ్చిమ దేశాల్లో విడుదల చేయలేదు. అమెరికాలో అట్లస్, ఐరోపాలో నామ్కో బందాయ్ ఆ పని చేశాయి. తప్పు చేశామని తరవాత యోషిదాయే బహిరంగంగా ఒప్పుకున్నారు, ఆ నిజాయితీకి ఆయన మీద నాకు గౌరవం. ఆ ఆట నుంచే డార్క్ సోల్స్, దాన్నుంచే ఎల్డెన్ రింగ్ వచ్చాయి. ఎల్డెన్ రింగ్ 2024 జూన్ నాటికి 2.5 కోట్ల కాపీలు అమ్ముడైంది. దాన్ని పీసీలో ఆడి, మియజాకి చేసిన ఇంకో గొప్ప ఆట ఉందట కదా అని వెతుక్కుంటూ వచ్చే లక్షలమందికి మీ వాకిట్లో కనిపించేది తాళం. కష్టమైన ఆటను కొనేవాళ్లు ఉండరన్న 2009 నాటి అంచనాకూ, ఇప్పటి మీ మౌనానికీ తేడా ఎక్కడుంది? గెర్మన్ పాటి పట్టింపు కూడా లేని ఈ ఉదాసీనతను ఏమనాలో నాకు తెలియడం లేదు. అతనైనా ప్రతి వేటగాడితో చివరికి ఏదో ఒకటి మాట్లాడతాడు.

ఇంతలో ఏప్రిల్‌లో ఏమైందో మీరూ చూశారు. మియజాకి స్వయంగా దర్శకత్వం వహిస్తున్న 'ద డస్క్‌బ్లడ్స్' అనే ఆటను ప్రకటించారు. రక్తం, గోతిక్ శిఖరాలు, నెత్తుటి చంద్రుడి ఛాయలు అన్నీ ఉన్నాయి. 2026లో వస్తుందట, నింటెండో స్విచ్ 2 మీద మాత్రమే. పదేళ్లు ఎదురుచూసినవాళ్ల ముఖాలు ఆ రోజు ఎలా ఉన్నాయో మీ మార్కెటింగ్ వాళ్లనడగండి.

తెలుగునాట నుంచి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ మౌనం ఇక్కడ మరింత గట్టిగా తగులుతుంది. ఇక్కడ ఒక తరం మొత్తం ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంతని కట్టి కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడి పెరిగింది. వాళ్లకు ఆట అంటే పీసీయే. మీ పీఎస్4 2014 జనవరిలో ఇక్కడికొచ్చినప్పుడు ధర 39,990 రూపాయలు, పీఎస్5 2021 ఫిబ్రవరిలో 49,990. ఇంజినీరింగ్ చదువు కోసమో కోడింగ్ కోసమో కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉన్నప్పుడు, ఒక్క ఆట కోసం అంత పెట్టి ఇంకో పెట్టె కొనమని మధ్యతరగతి ఇంట్లో అమ్మానాన్నల్ని ఒప్పించడం యార్నమ్ దాటడం కంటే కష్టం. కొన్ని దేశాల్లో మీ ఆటల్ని ఇంటర్నెట్ ద్వారా పీసీకి పంపే సదుపాయం పెట్టారు. భారత్‌లో అది లేదు. ఇక్కడ మీ చందాల్లో పైమెట్టు డీలక్స్, అందులో స్ట్రీమింగ్ ఉండదు. డబ్బు పెట్టి న్యాయంగా కొనుక్కుంటామన్నా పీసీలో బ్లడ్‌బోర్న్ కొనే దారి మీరు ఉంచలేదు.

దారి లేనిచోట జనం దారి వేసుకుంటారు. షాడ్‌పీఎస్4 అనే ఎమ్యులేటర్‌ను స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు తయారుచేశారు, కోడ్ అంతా బహిరంగం. 2024 రెండో సగం నుంచి బ్లడ్‌బోర్న్ దానిమీద పీసీలో నడవడం మొదలైంది. ఇప్పుడు 60 ఫ్రేములతో ఆడుతున్నారు, మెరుగైన రిజల్యూషన్‌తో ఆడుతున్నారు. కాబట్టి పీసీలో బ్లడ్‌బోర్న్ వస్తుందా రాదా అన్న ప్రశ్న ముగిసిపోయింది. వచ్చేసింది. అందులో మీ పేరు లేదు, మీకొక్క రూపాయి రావడం లేదు, కొనాలనుకునేవాడికి బిల్లు ఇచ్చేవాళ్లు లేరు. పైరసీని ఆపడానికే నోటీసులు అని మీ న్యాయవిభాగం అంటుందేమో. పైరసీకి ఇంతకంటే మంచి ప్రచారం ఎవరు చేయగలరు, మీరు తప్ప?

మాకేం కావాలో స్పష్టంగానే చెబుతాను, ఎందుకంటే దీని మీద కూడా ఆటగాళ్లలో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం పూర్తి రీమేక్ కావాలంటుంది, 2020లో బ్లూపాయింట్ చేసిన డీమన్స్ సోల్స్ లాగా. నేను ఆ పక్షం కాదు. ఆ రీమేక్ చూడ్డానికి అద్భుతంగా ఉంది, చేతికి హాయిగా ఉంది. కానీ పాత ఆటలో ఉన్న ఒక వింత నిశ్శబ్దాన్నీ, కొందరు శత్రువుల రూపాల్నీ, సంగీతంలోని ఒంటరితనాన్నీ అది తుడిచేసి వాటి స్థానంలో ఆర్భాటం పెట్టింది. యార్నమ్‌కు ఆ గతి పట్టొద్దు. ఆ రాళ్లు ఎలా ఉన్నాయో అలాగే ఉండనివ్వండి. రక్తం సీసాల బాధ కూడా, దాన్ని ఎంత తిట్టినా, అలాగే ఉంచండి. సరిచేయాల్సింది ఆ ఫ్రేముల తడబాటు, దానితో పాటు 30 దగ్గర వేసిన గొలుసు. పీఎస్5కు ఒక ప్యాచ్, పీసీకి ఒక పోర్ట్, అంతే. ఘోస్ట్ ఆఫ్ సుషిమాను, గాడ్ ఆఫ్ వార్‌ను, హొరైజన్‌ను పీసీకి తెచ్చినవాళ్లకు ఇది తెలియని విద్య కాదు. ఉచితంగా ఇవ్వమని కూడా అనడం లేదు. హొరైజన్ రీమాస్టర్‌కు పాత ఆట ఉన్నవాళ్ల దగ్గర పది డాలర్లు తీసుకున్నారు కదా, అంతే తీసుకోండి.

మీకు తీరిక లేకపోతే చేసేవాళ్లున్నారు. మెక్‌డొనాల్డ్‌కు ఒక ఒప్పంద పత్రం పంపండి. వాల్తర్ ఆటను ఆమె పేరుతోనే మీ స్టోర్‌లో ఉచితంగా పెట్టండి. వాళ్లు మీ ఆస్తిని దోచుకోలేదు, మీరు పట్టించుకోని తోటకు నీళ్లు పోశారు. నీళ్లు పోసినందుకు కేసు పెడతామంటే, తోట ఎండిపోవాలన్నదే మీ కోరికా?

నిషినో గారూ, మీరు ఏప్రిల్ 1న ఈ పదవిలోకొచ్చారు. ఈ మౌనం మీరు మొదలుపెట్టింది కాదు. దాన్ని కొనసాగించాలా లేదా అన్నది మాత్రం ఇప్పుడు మీ చేతిలో ఉంది. ఆటగాళ్లు రహస్యాలు అడగడం లేదు, తేదీలు అడగడం లేదు. 'చేస్తాం', 'చేయం', ఈ రెంటిలో ఏదో ఒకటి మీ సంస్థ లెటర్‌హెడ్ మీద కావాలి. ఒకవేళ 'చేయం' అనేదే మీ మాటైతే, మెక్‌డొనాల్డ్‌కు పంపిన నోటీసు ఏ నష్టాన్ని ఆపడానికో కూడా అదే కాగితం మీద రాయండి.

ఇట్లు,
బ్లడ్‌బోర్న్‌ను డబ్బు పెట్టి కొన్న ఒక హైదరాబాదీ